లింకు దాటేసరికి ఇరవై గుంటలు రెండు గుంటలు

వర్ధన్నపేట, రాయపర్తి, సంగెం చుట్టుపక్కల కౌలుకు దొరికే పొలాలను చూపించే ఒక వెబ్ అప్లికేషన్ తయారవుతోందనుకుందాం. కౌలు రైతు మండలం ఎంచుకుంటాడు, కనీసం ఎంత భూమి కావాలో రాస్తాడు, జాబితా వస్తుంది. ఒక పొలం మీద నొక్కితే దాని వివరాల పేజీ తెరుచుకుంటుంది. కనీస విస్తీర్ణం గడిలో అతను 2.20 అని రాశాడు. వరంగల్ పల్లెల్లో ఆ రాతకు ఒకటే అర్థం, రెండెకరాల ఇరవై గుంటలు. నలభై గుంటలు ఒక ఎకరం కాబట్టి అది రెండున్నర ఎకరాలు, మొత్తం 100 గుంటలు.

ఆ విలువ వెతికే పేజీ నుంచి జాబితా పేజీకి యూఆర్ఎల్‌లో, అంటే పేజీ అడ్రస్‌లో, వెళ్తుంది. జాబితా పేజీ కోడ్ దాన్ని తీసుకుని నంబర్‌గా మార్చింది. జావాస్క్రిప్ట్‌కు 2.20 అన్నా 2.2 అన్నా ఒకటే, కాబట్టి చివరి సున్నా అక్కడే రాలిపోయింది. అదే నంబర్ తర్వాతి లింకులోకి వెళ్లినప్పుడు యూఆర్ఎల్‌లో 2.2 అని పడింది. తెర మీద 2.2 చూసిన రైతు రెండెకరాల రెండు గుంటలు అని చదువుకుంటాడు, అంటే 82 గుంటలు. లోపల లెక్క చేసే కోడ్ దాన్ని దశాంశంగా తీసుకుంటుంది కాబట్టి దాని లెక్కలో అది రెండెకరాల ఎనిమిది గుంటలు, అంటే 88 గుంటలు. రైతు అడిగింది 100. కోడ్‌లో ఎక్కడా ఎర్రగీత పడలేదు, కోడ్‌ను నడిచే అప్లికేషన్‌గా తయారు చేసే బిల్డ్ ఆగలేదు, పేజీ కూడా చక్కగా తెరుచుకుంది.

యూఆర్ఎల్‌లో పేజీకి వెళ్లే ఇలాంటి విలువలను రూట్ పరామీటర్లు అంటారు. వాటికి టైపులు ఇవ్వడం, అంటే ఏది నంబరో ఏది అక్షరాలో ముందే ప్రకటించడం అనే విషయాన్ని చాలా చోట్ల డెవలపర్‌కు ఎడిటర్‌లో వచ్చే సౌకర్యంగా చెబుతారు. చుక్క పెట్టగానే పేర్లు వాటంతటవే రావడం, తప్పు రాస్తే ఎర్రగీత పడడం లాంటివి. అవి మంచివే. కానీ పైన జరిగిన నష్టాన్ని అవి ఆపలేవు. యూఆర్ఎల్ మీదుగా ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి పోయే విలువ మధ్యలో తప్పనిసరిగా ఉత్త అక్షరాలుగా మారుతుంది. విలువను అక్షరాలుగా మార్చే చోట, అక్షరాల నుంచి తిరిగి విలువను తీసే చోట ఒకే నియమం పాటించకపోతే టైప్ పేరు ఏది రాసుకున్నా ఉపయోగం ఉండదు.

యూఆర్ఎల్‌కు నంబర్ తెలియదు, తేదీ తెలియదు, అవును-కాదు తెలియదు. 1994లో ఆర్ఎఫ్‌సీ 1738 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా, తర్వాత 2005లో ఆర్ఎఫ్‌సీ 3986గా ఖరారైన నిర్వచనాల్లో అది మొదటి నుంచి చివరి దాకా అక్షరాల వరుసే. మరోవైపు 2012లో మైక్రోసాఫ్ట్ బయటపెట్టిన, జావాస్క్రిప్ట్‌కు టైపులు జోడించే టైప్‌స్క్రిప్ట్ భాషలో ఆ టైపులు కంపైల్ అయ్యేటప్పుడే, అంటే కోడ్ జావాస్క్రిప్ట్‌గా మారేటప్పుడే, చెరిగిపోతాయి. బ్రౌజర్‌లో నడిచేది మామూలు జావాస్క్రిప్ట్. కాబట్టి యూఆర్ఎల్ నుంచి వచ్చిన విలువ పక్కన ఇది నంబర్ అని రాసుకుంటే కంపైలర్ ఆ మాట నమ్ముతుంది, తనిఖీ చేయదు. వెబ్ పేజీలు కట్టే యాంగ్యులర్ ఫ్రేమ్‌వర్క్‌లో ఇది బాగా కనిపిస్తుంది. 2023లో వచ్చిన 16వ వెర్షన్ నుంచి రూట్ పరామీటర్‌ను నేరుగా కాంపొనెంట్ (పేజీలోని ఒక భాగం) ఇన్‌పుట్‌లోకి తెచ్చుకునే వీలు వచ్చింది. ఆ ఇన్‌పుట్‌ను నంబర్ అని ప్రకటించి వదిలేస్తే లోపలికి వచ్చేది స్ట్రింగే, అంటే అక్షరాల వరుసే. మార్చే ఫంక్షన్ ఒకటి విడిగా పెడితేనే నిజంగా నంబర్ అవుతుంది.

కంపైలర్ బాగా చేయగలిగిన పని వేరే ఉంది. అది లింకు కట్టే వైపు. 2020 నవంబర్‌లో వచ్చిన టైప్‌స్క్రిప్ట్ 4.1లో టెంప్లేట్ లిటరల్ టైపులు చేరాయి. వాటితో ఒక పాత్ (యూఆర్ఎల్‌లో పేజీ దారి చెప్పే భాగం) రాతను టైపుల స్థాయిలోనే విడగొట్టి, అందులో ఏ పరామీటర్లు ఉన్నాయో బయటకు తీయవచ్చు. పొలం పేజీ పాత్‌లో గ్రామం, సర్వే అనే రెండు ఖాళీలు ఉంటే, లింకు రాసేటప్పుడు సర్వే ఇవ్వడం మరిచిపోయిన చోట బిల్డ్ అక్కడే ఆగుతుంది. పేజీల మధ్య దారి చూపే లైబ్రరీని రౌటర్ అంటారు. టాన్‌స్టాక్ రౌటర్ మొత్తం ఈ ఆలోచన మీదే కట్టింది. రియాక్ట్ రౌటర్ 2024 నవంబర్‌లో వచ్చిన 7వ వెర్షన్‌లో, దాన్ని ఫ్రేమ్‌వర్క్‌గా వాడినప్పుడు, రూట్ల ఫైల్ చూసి టైపులను తానే తయారు చేసిపెడుతుంది. అక్కడ సరిచూసేది పరామీటర్ పేర్లను. విలువ టైప్ మాత్రం స్ట్రింగ్‌గానే ఉంటుంది, అదే నిజాయితీ గల సమాధానం కూడా. ఇరవై ముప్పై పేజీలున్న అప్లికేషన్‌లో ఒక పాత్ మారినప్పుడు ఎన్ని లింకులు విరిగాయో బిల్డ్ చెప్పడం చాలా పెద్ద మేలు. ఆ పని చేతితో వెతికి చేసినవాళ్లకు దాని విలువ తెలుస్తుంది.

అయితే కంపైలర్‌కు కనిపించేది మన కోడ్‌లో కట్టిన లింకులే. పల్లెలో ఒక పొలం లింకు ఎక్కువగా వాట్సాప్ గ్రూపులోంచి వస్తుంది. ఎవరో కాపీ చేసేటప్పుడు చివరి అక్షరం వదిలేస్తారు, ఇంకొకరు పక్కన చుక్క అతికిస్తారు, మరొకరు అడ్రస్ బార్‌లో అంకె మార్చి చూస్తారు. ఆ దారిలో వచ్చిన విలువకు కంపైలర్ కాపలా లేదు. అక్కడ కాపలా ఉండాల్సింది రన్‌టైమ్‌లో, అంటే పేజీ నడిచేటప్పుడు, విలువను చదివి, సరిచూసి, మార్చే కోడ్.

ఆ మార్చే కోడ్ ఎంత మోసం చేయగలదో సర్వే నంబర్ చూపిస్తుంది. తెలంగాణ రెవెన్యూ రికార్డుల్లో సర్వే నంబర్ ఒక అంకెతో ఆగదు. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు, కొంత అమ్మినప్పుడు బై నంబర్లు పడతాయి. 127 కాస్తా 127/అ, 127/ఆ అవుతుంది, ఆ తర్వాత 127/అ/2 అవుతుంది. పేరులో నంబర్ ఉంది కదా అని దీన్ని రాత నుంచి అంకె తీసే పార్స్‌ఇంట్ ఫంక్షన్‌కు ఇస్తే అది గీత దగ్గర ఆగిపోయి 127 అని తిరిగి ఇస్తుంది. తప్పు అని చెప్పదు. ఇప్పుడు తెరుచుకునేది మొత్తం 127 సర్వే పేజీ, లేదా అదే నంబర్‌లో ఇంకొకరి పొలం. గెట్టు పంచాయితీలు ఇప్పటికే ఉన్న చోట సాఫ్ట్‌వేర్ ఇంకొకటి తెచ్చిపెట్టినట్టు అవుతుంది. ఇదే విలువను నంబర్ అనే ఫంక్షన్‌కు ఇస్తే నాన్ (ఇది నంబర్ కాదు) వస్తుంది, కనీసం తేడా తెలుస్తుంది. అయినా దాన్నీ గుడ్డిగా నమ్మకూడదు. ఖాళీ స్ట్రింగ్ ఇస్తే అది సున్నా అంటుంది, 1e3 అనే రాత ఇస్తే వెయ్యి అంటుంది. అవును-కాదు విలువలు మరీ ఘోరం. నీటి వసతి పరామీటర్‌లో ఫాల్స్ అనే పదం వచ్చిందనుకోండి, దాన్ని బూలియన్ ఫంక్షన్‌కు ఇస్తే ట్రూ వస్తుంది, ఎందుకంటే ఖాళీ కాని స్ట్రింగ్ ఏదైనా ట్రూయే. విలువలను సరిచూసే జాడ్ లాంటి పేరున్న లైబ్రరీలో కూడా బూలియన్‌గా బలవంతంగా మార్చే పద్ధతి ఇదే ఫలితం ఇస్తుంది. బోరు లేని పొలం అడిగిన మనిషికి బోరున్న పొలాలే వస్తాయి.

సర్వే నంబర్‌ను స్ట్రింగ్‌గానే ఉంచితే సరిపోతుందా అంటే, ఆ ఏటవాలు గీత ఊరుకోదు. పాత్‌లో ఆ గీతకు వేరే పని ఉంది, అది రెండు భాగాలను విడదీస్తుంది. 127/అ/2 ను ఉన్నదున్నట్టు పాత్‌లో పెడితే రౌటర్‌కు మూడు ముక్కలు కనిపిస్తాయి, ఏ రూట్ కూడా దొరకదు. గీతను శాతం గుర్తుతో ఎన్‌కోడ్ చేస్తే (%2F అని రాస్తే) అప్లికేషన్ లోపల నొక్కినప్పుడు చాలా రౌటర్లలో పని చేస్తుంది. అదే లింకును నేరుగా తెరిచినప్పుడు కథ మారవచ్చు, ఎందుకంటే ఇప్పుడు ముందు చూసేది సర్వర్. అపాచీ సర్వర్ తన మామూలు సెట్టింగ్‌లో అలా ఎన్‌కోడ్ చేసిన గీత ఉన్న పాత్‌ను 404 (దొరకలేదు) ఇచ్చి తిప్పి పంపుతుంది. డెవలపర్ ల్యాప్‌టాప్‌లో బాగానే నడిచి, రైతు ఫోన్‌లో తెరుచుకోని లింకులు ఇలా పుడతాయి.

పరిష్కారం సర్వే నంబర్‌ను ఒక సొంత టైప్‌గా చూడడంలో ఉంది. దానికి ఒక అంకె, ఆ తర్వాత బై నంబర్ల వరుస ఉంటాయి. యూఆర్ఎల్‌లోకి వెళ్లేటప్పుడు గీత స్థానంలో టిల్డా (~) గుర్తు పెట్టవచ్చు. ఎన్‌కోడింగ్ అక్కర్లేదని ఆర్ఎఫ్‌సీ 3986 చెప్పిన నాలుగు గుర్తుల్లో అదొకటి, సర్వే నంబర్ రాతలో అది రాదు. చదివేటప్పుడు అదే నియమాన్ని తిరగేయాలి. అక్షరాలను మాత్రం ముట్టుకోకూడదు. యూఆర్ఎల్ అందంగా ఉండాలని తెలుగు అక్షరాలను ఇంగ్లిష్‌లోకి మార్చే స్లగ్ లైబ్రరీలు వాడితే అ, ఆ రెండూ ఒకే అక్షరమైపోయే ప్రమాదం ఉంది. ఒక దీర్ఘం పోతే పొలం యజమానే మారిపోతాడు.

ఊరి పేర్లది ఇంకో తంటా. మండలం పేరును నేరుగా పరామీటర్‌గా పెట్టడం మొదట్లో హాయిగా ఉంటుంది, చదవడానికీ బాగుంటుంది. కానీ ఆత్మకూరు అని వచ్చిందంటే అది హనుమకొండ జిల్లా ఆత్మకూరా, వనపర్తి ఆత్మకూరా, సూర్యాపేట, యాదాద్రి జిల్లాల్లోని ఆత్మకూర్లలో ఒకటా? జిల్లా పేర్లు అయినా స్థిరమా అంటే వరంగల్ వాళ్లకే ఎక్కువ తెలుసు. 2016 అక్టోబర్‌లో పాత వరంగల్ జిల్లా చీలి అర్బన్, రూరల్ వచ్చాయి. 2021లో అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. వరంగల్ అనే ఒకే పదం 2015లో ఒక జిల్లా, 2022లో ఇంకో జిల్లా. పేరును ఆధారం చేసుకున్న పాత లింకు ఈ రోజు తెరిస్తే పేజీ వస్తుంది, కానీ అది పంపినవాళ్లు ఉద్దేశించిన జిల్లా కాకపోవచ్చు. అందుకే గుర్తింపుకు మారని కోడ్ వాడాలి, పేరు తెర మీద చూపడానికి పనికొస్తుంది.

తెలుగు పేరే పరామీటర్‌లో ఉండాలనుకుంటే రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. వరంగల్ అనే మాటలో యూనికోడ్ లెక్కన ఆరు గుర్తులు ఉంటాయి, ఒక్కోటి మూడు బైట్లు, ఒక్కో బైటు ఎన్‌కోడ్ అయ్యాక మూడు అక్షరాలు. మొత్తం 54 అక్షరాలు. కాపీ చేసిన లింకు గ్రూపులో పడినప్పుడు కనిపించేది ఆ పొడవైన గజిబిజి. ఇంకొకటి, పొల్లు తర్వాత అక్షరాలు అతుక్కోకుండా టైపింగ్ సాధనాలు వేసే కనపడని గుర్తు. అది వరంగల్ చివర చేరితే కంటికి తేడా తెలియదు, కానీ కంప్యూటర్ దృష్టిలో అవి రెండు వేర్వేరు స్ట్రింగులు. యూనికోడ్ నార్మలైజేషన్ చేసినా ఆ గుర్తు పోదు. చదివే ఫంక్షన్‌లోనే దాన్ని తీసేయాలి.

టైప్‌స్క్రిప్ట్‌లో ఇంకొక సన్నటి సందు ఉంది. ఖాతా నంబర్, సర్వే నంబర్ రెండూ స్ట్రింగులే అయితే ఒకదాని చోట ఇంకొకటి పెట్టినా కంపైలర్‌కు అభ్యంతరం లేదు, ఎందుకంటే అది పేరును చూడదు, లోపలి ఆకారాన్ని చూస్తుంది. ఖాతా నంబర్ పట్టాదారుది, సర్వే నంబర్ భూమిది. ఒక పట్టాదారు ఖాతాలో నాలుగు సర్వే నంబర్లు ఉండొచ్చు. ఈ తారుమారును ఆపడానికి బ్రాండెడ్ టైప్ అనే పద్ధతి వాడతారు. స్ట్రింగ్‌కు టైపుల స్థాయిలో ఒక ముద్ర వేస్తారు, ఆ ముద్ర వేసే అధికారం చదివి సరిచూసే ఫంక్షన్‌కు ఒక్కదానికే ఇస్తారు. అప్పుడు ఎక్కడైనా సర్వే నంబర్ టైప్ ఉన్న విలువ కనిపించిందంటే అది తనిఖీ దాటి వచ్చిందని అర్థం. ఇది కొంచెం ఎక్కువ రాత పని. నాలుగు పేజీల అప్లికేషన్‌కు అక్కర్లేదు కానీ, భూమి, డబ్బు, రోగి రికార్డు లాంటివి ఉన్న చోట ఈ శ్రమ పడాల్సిందే.

ఈ టెన్షన్ అంతా ఎందుకు, మొత్తం పొలం ఆబ్జెక్ట్‌నే తర్వాతి పేజీకి ఇచ్చేస్తే పోలేదా అనే ఆలోచన చాలామందికి వస్తుంది. బ్రౌజర్ తన చరిత్రతో పాటు విలువలు దాచుకునే హిస్టరీ స్టేట్‌లో పెట్టి తర్వాతి పేజీకి వెళ్తే నంబర్ నంబర్‌గానే, తేదీ తేదీగానే చేరుతుంది. ఫంక్షన్లు మాత్రం అందులో చేరవు, క్లాస్ నుంచి తయారైన ఆబ్జెక్ట్ తన మెథడ్లు పోగొట్టుకుని ఉత్త డేటాగా మిగులుతుంది. అసలు ఇబ్బంది వేరు. ఆ స్టేట్ ఆ బ్రౌజర్ ట్యాబ్ చరిత్రలోనే ఉంటుంది. పేజీ రీఫ్రెష్ చేసినా అది పోదు, అందుకే పరీక్షించేవాళ్లకు తప్పు దొరకదు. లింకు తమ్ముడికి పంపినప్పుడు మాత్రం అతని ఫోన్‌లో ఖాళీ పేజీ వస్తుంది. పైగా ఆ ఆబ్జెక్ట్ పాత కాపీ. మధ్యలో పొలం యజమాని కౌలు ధర మార్చినా పేజీలో పాత ధరే కనిపిస్తుంది. వ్యూ రౌటర్‌లో పాత్‌లో లేని పరామీటర్ల ద్వారా ఇలాంటి వస్తువులను దాటించే అలవాటు ఉండేది, 2022లో ఆ దారిని మూసేశారు. కొందరికి కోపం వచ్చింది కానీ ఆ నిర్ణయం సరైనదే. యూఆర్ఎల్‌లో గుర్తింపు ఒక్కటే వెళ్లాలి, మిగతాది ఆ పేజీ తానే తెచ్చుకోవాలి. వెనక్కి వచ్చినప్పుడు జాబితా ఎక్కడిదాకా జరిగిందో లాంటి, పోయినా నష్టం లేని సంగతులకు స్టేట్ బాగానే పనికొస్తుంది.

తేదీలు మన దేశంలో ప్రత్యేకంగా దెబ్బతీస్తాయి. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఫలానా రోజు మిర్చి ధరలు చూపించే పేజీకి తేదీ పరామీటర్ ఉందనుకుందాం. క్యాలెండర్‌లో 2025 మార్చి 5 ఎంచుకుంటే జావాస్క్రిప్ట్ ఆ రోజు మన అర్ధరాత్రికి ఒక డేట్ ఇస్తుంది. లింకు కోసం దాన్ని సంవత్సరం-నెల-రోజు వరుసలో ఉండే ఐఎస్ఓ రాతలోకి మార్చగానే అది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయం అవుతుంది. మన గడియారం ఐదున్నర గంటలు ముందుంది కాబట్టి మార్చి 4 సాయంత్రం 18:30 వస్తుంది. మొదటి పది అక్షరాలు కత్తిరించి లింకులో పెడితే రైతుకు కనిపించేవి ముందు రోజు ధరలు. గడియారం అక్కర్లేని తేదీని గడియారం ఉన్న టైప్‌లో మోయడం వల్ల వచ్చిన చిక్కు ఇది. సంవత్సరం, నెల, రోజు అనే మూడు అంకెల టైప్ పెట్టుకుని, దాన్నుంచే నేరుగా రాత కట్టి, తిరిగి మూడు అంకెలుగానే చదివితే ఈ గొడవ రాదు.

చదవడం కుదరని విలువ వస్తే ఏం చేయాలన్నది టైప్ అంత ముఖ్యమైన నిర్ణయం. పాత్‌లో ఉన్న గుర్తింపు తప్పయితే అక్కడే ఆగి, ఈ పొలం దొరకలేదు అని చెప్పాలి. దగ్గరలో ఉన్న ఏదో ఒక పొలాన్ని చూపించడం సాయం కాదు, నష్టం. క్వెరీలో, అంటే యూఆర్ఎల్‌లో ప్రశ్న గుర్తు తర్వాతి భాగంలో, వచ్చే వడపోతలు, పేజీ నంబర్ లాంటివి తప్పయితే మామూలు విలువకు తిరిగిపోవచ్చు, కానీ ఆ మార్పు తెర మీద కనపడాలి. ఒకే పేరుతో రెండు విలువలు రావడం కూడా ఆలోచించుకోవాలి. సంగెం, పర్వతగిరి రెండు మండలాలూ ఎంచుకుంటే క్వెరీలో మండలం అనే పేరు రెండుసార్లు వస్తుంది. బ్రౌజర్ ఇచ్చే గెట్ మెథడ్ మొదటిదే ఇస్తుంది, రెండోది మాయం. కాబట్టి మండలం టైప్‌ను మొదటే జాబితాగా ప్రకటించి, ఒక్కటే వచ్చినా ఒక్కటే ఉన్న జాబితాగా చదవాలి.

ఆధార్, ఫోన్ నంబర్ లాంటివి ఎంత చక్కటి టైప్ ఇచ్చినా యూఆర్ఎల్‌లోకి రాకూడదు. బ్రౌజర్ హిస్టరీలో, సర్వర్ లాగుల్లో అవి మిగిలిపోతాయి. అలాగే సర్వే నంబర్ సరైన రూపంలో ఉందంటే దాన్ని అడిగిన మనిషికి చూసే హక్కు ఉందని కాదు. ఆ తనిఖీ సర్వర్‌దే.

మళ్లీ 2.20 దగ్గరకు వస్తే, విస్తీర్ణానికి లోపల ఒకే కొలత పెట్టుకోవడం మంచిది, అది గుంటలు. రైతు గడిలో రాసిన దాన్ని ఎకరాలు, గుంటలుగా విడదీసి 100 గుంటలు చేయాలి. చుక్క తర్వాత వచ్చింది నలభై లేదా అంతకంటే ఎక్కువైతే ఒప్పుకోకూడదు. ఒకే అంకె వస్తే, అంటే 2.2 అని రాస్తే, ఊహించకుండా రెండు గుంటలా ఇరవై గుంటలా అని అడగాలి. యూఆర్ఎల్‌లో గుంటలు అనే పేరుతో 100 అని వెళ్తుంది, తెర మీదికి వచ్చేటప్పుడు మళ్లీ 2.20 అవుతుంది. ఈ రాసే, చదివే ఫంక్షన్లు రెండూ రూట్ నిర్వచనం పక్కనే ఒకే చోట ఉండాలి, పేజీల్లో చెల్లాచెదురుగా ఉండకూడదు. టాన్‌స్టాక్ రౌటర్‌లో పాత్ పరామీటర్లకు అలాంటి చోటు రూట్‌లోనే ఇచ్చారు, మిగతా వాటిలో చిన్న ఫైల్ ఒకటి రాసుకుంటే చాలు. పరీక్ష కూడా తేలిక. 2.20, 2.02, 0.39, 127/అ, 127/ఆ, 127/అ/2 లాంటి విలువలను అక్షరాలుగా మార్చి, తిరిగి చదివి, మొదటి దానితో పోల్చాలి.

ఇలా మార్చిన తర్వాత కూడా పాత 2.20 రాత ఉన్న లింకులు గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటాయి. వాటికి విస్తీర్ణం అనే పాత పేరు ఉంటుంది కాబట్టి గుర్తుపట్టడం కష్టం కాదు. చదివే ఫంక్షన్ ఆ పేరు చూసినప్పుడు పాత నియమంతో చదివి, గుంటల్లోకి మార్చి, అడ్రస్ బార్‌లో కొత్త రూపాన్ని పెట్టాలి. పాత పేరు కింద 2.2 అని వస్తే అది తప్పుడు కోడ్ నుంచి వచ్చిందో, ఎవరైనా చేతితో రాశారో చెప్పలేం. అప్పుడు జాబితా చూపించే ముందు రైతునే అడగాలి.